రక్తపింజరి విషం రక్తాన్ని పలచబరచదు, ఖర్చు చేసేస్తుంది

ప్రశ్న: మాది కోనసీమలో ఓ లంక ఊరండి. రెండు నెలల కిందట, దాళ్వా చేలకి ఆఖరి తడులు పెట్టే రోజుల్లో, మా మరిది రాత్రిపూట బోదె మళ్లించడానికెళ్తే గట్టు మీద రక్తపింజరి కరిచింది. ఊళ్లో ఆరెంపీ గారు చేతికి విటమిన్ కె ఇంజక్షనూ, రక్తం ఆగడానికని ఇంకో ఇంజక్షనూ చేశారు. సూది పొడిచిన చోట చెయ్యి నల్లగా ఉబ్బిపోయింది. రేవు దాటించి ఆసుపత్రికి చేర్చేసరికి రెండున్నర గంటలైంది. అక్కడ గాజు గొట్టంలో రక్తం పోసి 20 నిమిషాలు చూశారు, నీళ్లలాగే జారింది. చిగుళ్లలోంచి రక్తం, మూత్రం ఎర్రగా. పది సీసాల మందెక్కించి ఆరు గంటలు చూస్తూ ఊరుకున్నారు, అప్పటికీ గడ్డకట్టకపోతే మరో పది ఎక్కించారు. ప్లాస్మా ఎక్కించండని కాళ్లావేళ్లా పడ్డాం, వద్దన్నారు. నేను ఇంటర్‌లో బైపీసీ చదివానండి. రక్తాన్ని గడ్డకట్టించేది థ్రాంబిన్ అని చదివిన గుర్తు. డాక్టరు గారేమో "ఆ విషం ఒంట్లో థ్రాంబిన్ పుట్టిస్తుందమ్మా" అన్నారు. పుడితే గడ్డకట్టాలి కదండీ? మా మామగారు గుండె కవాటం మార్పించుకుని రక్తం పలచబడే బిళ్లలు వేసుకుంటున్నారు. ఓసారి చిగుళ్లు కారితే ఆయనకి విటమిన్ కె ఇచ్చే ఆపారు. మరిదికెందుకు పనిచెయ్యలేదు? ఇంకొకటండి, మరిదికి ఇప్పటికీ నీరసం వదల్లేదు. విషం ఇంకా మిగిలిందంటారా?

జవాబు: అమ్మా, మీరు చదివింది నిజం, డాక్టరు గారు చెప్పిందీ నిజం. ఆ రాత్రి మీ మరిది ఒంట్లో థ్రాంబిన్ పుట్టింది. అవసరం లేని చోట, అదుపు లేకుండా పుట్టింది. గడ్డకట్టడానికి కావలసిన సరుకంతా అది గంటా రెండు గంటల్లో వాడేసింది. గాజు గొట్టంలోకి తీసేసరికి ఆ రక్తంలో గడ్డకట్టడానికి ఏమీ మిగల్లేదు. మీ మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబు ఇందులోంచే వస్తుంది కాబట్టి, కాస్త ఓపికగా మొదటినుంచీ చెప్పుకుందాం.

రక్తంలోని పసుపుపచ్చ ద్రవాన్ని ప్లాస్మా అంటారు. పెద్దవాళ్లలో అది సుమారు 3 లీటర్లు ఉంటుంది. అందులో కరిగి ఉండే ఫైబ్రినోజెన్ అనే ప్రొటీను లీటరుకి 2 నుంచి 4 గ్రాములు. అంటే ఒక మనిషి మొత్తం ఒంట్లో ఆరు నుంచి పన్నెండు గ్రాములు, అంతే. గడ్డకి అసలు సరుకు అదే. థ్రాంబిన్ వచ్చి ఒక్కో ఫైబ్రినోజెన్ అణువు నుంచి నాలుగు చిన్న ముక్కలు కత్తిరిస్తుంది. ఆ ముక్కలు పోగానే కింద దాగిన అంటుకునే చోట్లు బయటపడి, అణువులు ఒకదానికొకటి పట్టుకుని పోగులవుతాయి. ఆ పోగులే ఫైబ్రిన్. గడ్డకట్టే పనిలో పాలుపంచుకునే ప్రొటీన్లకి కారకాలని పేరు పెట్టి అంకెలు వేశారు. తర్వాత వాటిలో 13వ కారకం అనే ఇంకో ఎంజైము ఆ పోగుల్ని అడ్డంగా ముడేసి గట్టి వలగా చేస్తుంది. దాన్ని లేపేదీ థ్రాంబినే. ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టి గాయం దగ్గరికి గుంపుగా చేర్చేదీ అదే.

ఇంత పని చేసే ఎంజైము రక్తంలో సిద్ధంగా తిరుగుతూ ఉంటే మనిషి బతకడు. అందుకే అది ప్రోథ్రాంబిన్ అనే నిద్రావస్థలో తిరుగుతుంది. కాలేయం దాన్ని తయారుచేసి వదులుతుంది. రక్తనాళం తెగినప్పుడు, నాళం బయటి కణాల మీద ఉండే టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రొటీను రక్తానికి తగులుతుంది. దానితో 7వ కారకం లేస్తుంది, అది 10వ కారకాన్ని లేపుతుంది. లేచిన 10వ కారకం 5వ కారకాన్ని జత చేసుకుని, కాల్షియం సాయంతో ప్లేట్‌లెట్ల పొర మీద కూర్చుని ప్రోథ్రాంబిన్‌ని కోస్తుంది, థ్రాంబిన్ బయటికొస్తుంది. ఆ జత కుదిరితే పని లక్షల రెట్లు వేగం. మొదట పుట్టిన కాస్త థ్రాంబిన్ వెనక్కి తిరిగి 5, 8, 11 కారకాలను లేపుతుంది కాబట్టి, క్షణాల్లో దాని ఉత్పత్తి అదే పెంచుకుంటుంది.

మరి ఆగేదెలా? గాయం పక్కన బాగున్న రక్తనాళపు గోడ మీద థ్రాంబోమోడ్యులిన్ అనే కొక్కెం ఉంటుంది. కొట్టుకొచ్చిన థ్రాంబిన్ దానికి తగులుకోగానే బుద్ధి మార్చుకుంటుంది. ఫైబ్రినోజెన్‌ని కోయడం మానేసి ప్రొటీన్ సి అనేదాన్ని లేపుతుంది, అది 5, 8 కారకాలను పడగొడుతుంది. తప్పించుకుపోయిన థ్రాంబిన్‌ని యాంటీథ్రాంబిన్ పట్టి మూసేస్తుంది. అందుకే వేలు తెగితే వేలి దగ్గరే గడ్డకడుతుంది, చెయ్యంతా కాదు.

మీది లంక ఊరు కాబట్టి ఏటిగట్టు పోలిక తేలిగ్గా తడుతుంది. వరదకి గట్టు తెగిందనుకోండి. గండి పడిన చోటు నుంచి కేక వినపడితేనే జనం పరిగెడతారు, ఇసుక బస్తాలు అక్కడే వేస్తారు. రక్తంలో ఆ కేక టిష్యూ ఫ్యాక్టర్, బస్తాలు వేయించే మేస్త్రీ థ్రాంబిన్. రక్తపింజరి విషం చేసేదేమిటంటే, గండి ఎక్కడా లేకుండానే గట్టు పొడవునా ఒకేసారి కేకలు పెట్టించడం. ఊరి బస్తాలన్నీ నిండు ఏట్లో పడతాయి. తెల్లారేసరికి నిజంగా చిన్న గండి పడితే వేయడానికి బస్తా ఉండదు. మీ మరిది చిగుళ్లలో పడినవి అలాంటి చిన్న గండ్లే. రోజూ పళ్లు తోముకునేటప్పుడు అందరికీ పడేవే, మనకి తెలియకుండా మూసుకుపోయేవే.

ఆ కేకలు పెట్టేవి విషంలోని రెండు ఎంజైములు. ఒకటి 10వ కారకాన్ని, రెండోది 5వ కారకాన్ని నేరుగా లేపేస్తాయి. అంటే పైన చెప్పిన వరసలో గాయంతో, టిష్యూ ఫ్యాక్టర్‌తో, 7వ కారకంతో పని లేకుండా ఆఖరి మెట్టుకి ముందు మెట్టు దగ్గరే దూరతాయి. ఆ రెండూ కలిసే కదా ప్రోథ్రాంబిన్‌ని కోసే జత! పాము వదిలే విషం సగటున 63 మిల్లీగ్రాములు, ఒక్కోసారి 5, ఒక్కోసారి 147 దాకా. మిల్లీగ్రాముల విషం గ్రాముల ఫైబ్రినోజెన్‌ని ఎలా తినేస్తుందంటే, ఎంజైము పనిచేసి అరిగిపోదు. ఒక అణువుని లేపి వదిలేసి ఇంకోదాన్ని పట్టుకుంటుంది.

అన్ని పోగులు ఏర్పడితే నాళాలన్నీ పూడుకుపోవాలి కదా అని మీకు అనుమానం రావచ్చు. ప్రవాహంలో విడివిడిగా పుట్టే పోగులు సన్నవి. వాటిని కరిగించే ప్లాస్మిన్ అనే ఎంజైము కూడా వెంటనే లేచి ముక్కలు చేసేస్తుంది. డి-డైమర్ పరీక్షలో ఆకాశాన్నంటే అంకె ఆ ముక్కలదే. అయితే అన్నీ కరగవు. కొన్ని మూత్రపిండాల్లోని వెంట్రుకంత నాళాల్లో చిక్కుతాయి. రక్తపింజరి కాటు తర్వాత మూత్రపిండాలు దెబ్బతినడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. విషం నేరుగా చేసే హాని, రక్తపోటు పడిపోవడం మిగతావి.

ఈ పాము సంగతి శాస్త్రానికి ఎక్కింది మన తీరంలోనే. 1780లలో విశాఖపట్నంలో ఉండి కోరమాండల్ తీరపు పాముల్ని పరిశీలించిన పాట్రిక్ రసెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు, 1796లో అచ్చయిన తన గ్రంథంలో దీన్ని మన తెలుగు పేరుతోనే, కాటుక రేకుల పొడ అని రాశాడు. వీపు మీద నల్ల అంచుల గుండ్రటి మచ్చల వరసలు చూసినవాళ్లకి ఆ పేరు ఎంత సరైనదో తెలుస్తుంది. తర్వాత ఇంగ్లీషులో పాముకి ఆయన పేరే పెట్టారు. 1934లో మాక్‌ఫార్లేన్, బార్నెట్ అనే ఇద్దరు లండన్‌లో ఇదే విషాన్ని పదివేల వంతుకి పలచన చేసి, హీమోఫీలియా (పుట్టుకతోనే రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉన్నవాళ్లకి పన్ను పీకిన గుంటలో అద్ది రక్తం ఆపగలిగారు. గాయం మీద చుక్క వేస్తే అక్కడే థ్రాంబిన్ పుట్టి అక్కడే గడ్డకడుతుంది. అదే విషం రక్తంలో కలిసి ఒళ్లంతా తిరిగితే సరుకు మొత్తం పోతుంది. ఈనాటికీ ల్యాబుల్లో గడ్డకట్టే తీరుని పరీక్షించడానికి ఈ విషాన్ని పలచన చేసి వాడుతున్నారు.

ఇక మీ మామగారి సంగతి. రక్తం గడ్డకట్టకపోవడం పైకి ఒకేలా కనిపించినా లోపల కారణాలు వేరు. చేలో జలగ పట్టినప్పుడు చూసే ఉంటారు, దాన్ని లాగేసినా రక్తం చాలాసేపు కారుతూనే ఉంటుంది. జలగ లాలాజలంలో థ్రాంబిన్‌ని పట్టి నొక్కేసే పదార్థం ఉంటుంది. అక్కడ సరుకూ ఉంది, థ్రాంబినూ ఉంది, దాని నోరు మాత్రం మూసుకుపోయింది. మామగారి బిళ్ల కాలేయంలో పనిచేస్తుంది. ప్రోథ్రాంబిన్, 7, 9, 10 కారకాలు తయారయ్యేటప్పుడు వాటికి కాల్షియంతో కలిసి పొర మీద నిలబడడానికి ఒక కొక్కెం తగిలించాలి. ఆ పనికి విటమిన్ కె కావాలి. బిళ్ల ఆ విటమిన్‌ని మళ్లీ మళ్లీ వాడుకోనివ్వదు. కొక్కెం లేని ప్రోథ్రాంబిన్ రక్తంలో తిరుగుతుంది గానీ పనికిరాదు. అలాంటివారికి విటమిన్ కె ఇస్తే కాలేయం మళ్లీ కొక్కేలు తగిలించడం మొదలుపెట్టి కొన్ని గంటల్లో రక్తం దారిలో పడుతుంది. అలాగని మీ అంతట మీరు ఆయనకి ఎప్పుడూ ఇవ్వకండి, కృత్రిమ కవాటం మీద గడ్డ కడితే ప్రాణం మీదికొస్తుంది. విటమిన్ కె ఉంటుందని గోంగూర, తోటకూర, మునగాకు ఆయన మానక్కర్లేదు. వారంలో తినే పరిమాణం మాత్రం ఇంచుమించు ఒకేలా ఉండాలి.

మీ మరిది కాలేయానికి విటమిన్ కె కొరత లేదు. కొక్కేలన్నీ ఉన్న మంచి సరుకునే విషం తగలేసింది. కాబట్టి ఆ ఇంజక్షను చేసింది ఏమీ లేదు.

రెండో ఇంజక్షను గురించి గట్టిగా చెప్పాలి. రక్తం ఆపడానికని ఊళ్లలో ఎక్కువగా చేసే వాటిలో హీమోకోయాగ్యులేజ్ ఒకటి. అది కూడా ఒక జాతి పింజరి పాము విషం నుంచి తీసిన, ఫైబ్రినోజెన్‌ని కోసే ఎంజైమే. మీ మరిదికి చేసింది అదేనో కాదో చీటీ చూస్తే తెలుస్తుంది. ఫైబ్రినోజెన్ కోతకు గురై అయిపోతున్న మనిషికి దాన్ని కోసే మందు మరికాస్త ఇవ్వడంలో అర్థం లేదు. రక్తం ఆపడానికి ఇచ్చే ఇంకోటి ట్రానెక్సామిక్ యాసిడ్. అది గడ్డ కరగకుండా ఆపే మందు, విషం పుట్టించే థ్రాంబిన్ జోలికి అది పోదు. పాముకాటు చికిత్సలో దాన్ని వాడమని చెప్పరు. గడ్డకట్టకుండా చేసే హెపారిన్ అనే మందు అయితే సిద్ధాంతంలో థ్రాంబిన్‌ని ఆపాలి గానీ, ఈ విషం విషయంలో ఫలితం ఇవ్వలేదు, పైగా రక్తస్రావం పెంచే ప్రమాదం ఉంది.

చెయ్యి నల్లబడి ఉబ్బడానికి మందుతో కూడా పనిలేదు, సూదే చాలు. గడ్డకట్టని రక్తం ఉన్న మనిషికి కండలో సూది గుచ్చితే లోపల రక్తం కారుతూనే ఉంటుంది. ధనుర్వాతం ఇంజక్షను కూడా గడ్డకట్టడం మొదలయ్యాకే చేయాలి. కాటు చోట బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం ఇంకా ఘోరం. ఆ కోత ఎంతకీ మూసుకోదు.

ప్లాస్మా మాటకొస్తే, మీరు బతిమాలడం సహజం. రక్తం పోతుంటే రక్తం ఎక్కించమనే ఎవరికైనా అనిపిస్తుంది. కానీ విషం ఇంకా తిరుగుతుండగా ప్లాస్మా ఎక్కిస్తే, అందులోని 5, 10 కారకాలూ ఫైబ్రినోజెనూ కూడా అదే మంటలో పడతాయి. ముందు విషవిరుగుడు, ఆ తర్వాత కూడా ఆగని పెద్ద రక్తస్రావం ఉంటే ప్లాస్మా. మీ డాక్టర్లు వద్దన్నది అందుకే.

గాజు గొట్టం పరీక్ష చూడ్డానికి పల్లెటూరి చిట్కాలా ఉంటుంది గానీ, రక్తపింజరి కాటులో ఇంతకంటే పనికొచ్చే పరీక్ష చిన్న ఆసుపత్రిలో లేదు. దాన్ని పాడుచేసుకునే దారులూ చాలా ఉన్నాయి. సిర నుంచి 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, కొత్తదీ శుభ్రమైనదీ పొడిదీ అయిన గాజు పరీక్షనాళికలో పోయాలి. నిలువుగా పెట్టి 20 నిమిషాలు కదపకూడదు. మధ్యమధ్య ఎత్తి చూస్తే కట్టబోయే గడ్డ చెదురుతుంది. గడియారం చూసి సరిగ్గా 20 నిమిషాలకి ఒక్కసారి వంచాలి. గడ్డ నిలబడితే సరే, ద్రవంలా జారితే ఫైబ్రినోజెన్ దాదాపు అడుగంటినట్టు. గాజే ఎందుకంటే, గాజు పైపొర 12వ కారకాన్ని లేపి గడ్డకట్టే వరసని మొదలుపెడుతుంది. ప్లాస్టిక్ గొట్టం ఆ పని సరిగా చెయ్యదు, బాగున్న రక్తం కూడా జారిపోయి లేనిపోని భయం పుట్టిస్తుంది. సబ్బుపొడితో కడిగిన గాజు గొట్టం కూడా అంతే. ఊదారంగు మూత సీసాలో పోస్తే అసలే గడ్డకట్టదు, అందులో కాల్షియాన్ని పట్టేసే రసాయనం ఉంటుంది. అనుమానం వస్తే పాము కరవని ఆరోగ్యవంతుడి రక్తం పక్కనే ఇంకో గొట్టంలో పోసి చూడమని అడగండి. అదీ గడ్డకట్టకపోతే తప్పు గొట్టానిది.

మొదటిసారి గడ్డకట్టినంత మాత్రాన ఇంటికి రాకూడదు. విషం కాటు చోటు నుంచి మెల్లగా కూడా ఎక్కుతుంది. మొదటి మూడు గంటలు అరగంటకోసారి, తర్వాత గంటకోసారి చూస్తూ, కనీసం 24 గంటలు ఆసుపత్రిలో ఉండాలి. కొన్ని కాట్లలో పాము విషం వదలదు. అలాంటి వాళ్లకి విరుగుడు అక్కర్లేదు కూడా. ఎందుకైనా మంచిదని ముందే ఎక్కించమని ఒత్తిడి చేయకండి.

విరుగుడు మందు గుర్రాల్లో తయారుచేస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకటే. పొడి సీసాలో 10 మిల్లీలీటర్ల నీరు కలుపుతారు. ఊపితే నురగ కడుతుంది, గుండ్రంగా తిప్పుతూ కరిగించాలి. ఒక్కో సీసా 6 మిల్లీగ్రాముల రక్తపింజరి విషాన్ని కట్టేస్తుంది. పై లెక్కలో సగటు కాటు 63 కదా, పది సీసాలంటే 60. పది అనే అంకె అక్కడిది. పిల్లలకీ అంతే ఇస్తారు, ఎందుకంటే పిల్లాడని పాము విషం తగ్గించి వదలదు. సెలైన్‌లో కలిపి గంటసేపట్లో సిరలోకి ఎక్కిస్తారు, కాటు చుట్టూ పొడవడం దండగ. గుర్రం ప్రొటీన్లు కాబట్టి దద్దుర్లు, దురద, వణుకు, ఆయాసం రావచ్చు. అలా అనిపించిన క్షణంలో నర్సుని పిలవండి. మందు ఆపి, తొడ కండలో, పెద్దవాళ్లకైతే అరమిల్లీగ్రాము, అడ్రినలిన్ ఇచ్చి, కుదుటపడ్డాక మళ్లీ మెల్లగా మొదలుపెడతారు. సూది పొడవకూడదన్న మాటకి ఈ ఒక్క అడ్రినలిన్ మినహాయింపు, అప్పుడు ప్రాణం దాని మీదే ఉంటుంది. దద్దుర్లు వచ్చాయని విరుగుడే మానేయమనడం మాత్రం తప్పు.

ఇప్పుడు ఆ ఆరు గంటలు. మిమ్మల్ని అంతగా కలవరపెట్టింది అదే కాబట్టి చెబుతున్నా, వాళ్లు ఊరుకోలేదు. విరుగుడు విషాన్ని మాత్రమే కట్టేస్తుంది. పోయిన ఫైబ్రినోజెన్‌ని, 5వ కారకాన్ని, 10వ కారకాన్ని తిరిగి ఇవ్వదు. వాటిని కాలేయమే మళ్లీ తయారుచేయాలి. విషం పూర్తిగా ఆగితే, గొట్టంలో గడ్డ నిలబడేంత సరుకు చేయడానికి దానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. గంటకే పరీక్షిస్తే ఎలాగూ జారుతుంది, మందు చాల్లేదనుకుని వృథాగా ఎక్కించేస్తారు. ఆరు గంటల తర్వాత కూడా జారితే విషం ఇంకా పనిచేస్తోందని అర్థం, అప్పుడు మరో ఐదు నుంచి పది సీసాలు. ఆపైన మళ్లీ ఆరు గంటలకి పరీక్ష. మొత్తం మీద 20 నుంచి 30 సీసాలకి మించి పోరు. మీ మరిదికి జరిగింది వరస ప్రకారం చేసిన సరైన వైద్యమే.

ఆలస్యమైంది ఊళ్లోనూ రేవులోనూ. రేపు ఇంకెవరికైనా ఇలా జరిగితే ఆ రెండున్నర గంటల్లో ఎంత తగ్గించగలరో చూడండి. కరిచిన కాలుని ఎముక విరిగినప్పుడు కట్టినట్టు బద్దతో, తువ్వాలుతో వదులుగా కట్టి కదలకుండా ఉంచాలి. నడిస్తే కండలు పిండి విషాన్ని పైకి తోస్తాయి. నులక మంచం మీద మోసుకెళ్లండి, లేదా బండి మీద నడిపేవాడికీ వెనక కూర్చునేవాడికీ మధ్యలో కూర్చోబెట్టండి. తాడుతో బిగించి కట్టకండి. వాపు రాకముందే ఉంగరాలు, మొలతాడు, ఆడవాళ్లయితే మెట్టెలు, పట్టీలు తీసేయండి. పసరు తాగించడం, మిరపకాయ తినిపించి కారం తెలుస్తోందా అని అడగడం వల్ల గడియారం తిరగడం తప్ప ఇంకేమీ జరగదు. నొప్పికి పారాసెటమాల్ తప్ప వేరే బిళ్ల వద్దు. ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ లాంటివి ప్లేట్‌లెట్లనీ మూత్రపిండాలనీ దెబ్బతీస్తాయి. కరిచిన వేళ కాగితం మీద రాసుకోండి, వాపు అంచు దగ్గర పెన్నుతో గీత గీసి పక్కన టైము వేయండి. పాముని చంపి తేనక్కర్లేదు, దూరం నుంచి ఫొటో చాలు. రాత్రి పంటు తిరగదు కాబట్టి పడవవాళ్ల నంబరు ఊళ్లో పదిమంది దగ్గర ఉండాలి. 108కి ఫోన్ చేసి అవతలి రేవుకి రమ్మనాలి, ఇవతల కాదు. విరుగుడు ఉందో లేదో దారిలోనే ఫోన్ చేసి అడగండి. దగ్గరి ఆసుపత్రిలో మొదటి పది సీసాలు మొదలుపెట్టించుకుని, ఆ తర్వాతే డయాలసిస్ ఉండే కాకినాడ, రాజమహేంద్రవరం ప్రభుత్వాసుపత్రుల వైపు కదలండి. మొదటి సీసా అక్కడికెళ్లాక చూద్దామనుకుంటే దారి పొడవునా థ్రాంబిన్ పుడుతూనే ఉంటుంది. మామగారికే కాటు పడితే, ఆయన వేసుకునే బిళ్ల పేరు అన్నిటికంటే ముందు చెప్పండి.

నివారణ మీకు తెలియనిదేం కాదు. టార్చి, మోకాళ్ల కిందిదాకా బూట్లు, గట్టు మీద కర్రతో తడుతూ నడక. రక్తపింజరి మిగతా పాముల్లా తప్పుకుని పోదు, కొబ్బరాకుల్లోనో గడ్డివాము మొదట్లోనో చుట్టుకుని కదలకుండా ఉంటుంది. కుక్కరు ఆవిరిలా బుస వినపడితే ఉన్నచోటే ఆగి వెనక్కి అడుగు వేయాలి.

ఆఖరిగా మీ మరిది నీరసం. రెండు నెలలకి విషం మిగిలి ఉండదు, ఫైబ్రినోజెన్ ఎప్పుడో తిరిగి మామూలు స్థాయికి వచ్చి ఉంటుంది. విరుగుడు ఎక్కించాక వారం రెండు వారాల మధ్య జ్వరం, కీళ్ల నొప్పులు, దద్దుర్లు వచ్చి ఉంటే అది గుర్రపు ప్రొటీన్ మీద ఒంటి తిరుగుబాటు. దానికీ ఈపాటికి గడువు దాటింది. ఇప్పుడు చూడాల్సినవి రెండు. ఒకటి మూత్రపిండాలు: క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీను, రక్తపోటు. రెండోది తరచుగా ఎవరూ అడగనిది, మెదడు కింద ఉండి మిగతా హార్మోను గ్రంథుల్ని నడిపే పిట్యూటరీ గ్రంథి. గడ్డకట్టే సరుకు లేని ఆ గంటల్లో దానిలోకి రక్తం కారవచ్చు, దాని చిన్న నాళాలు పోగులతో పూడుకుపోనూవచ్చు. అప్పుడు తెలియదు. వారాలు, నెలలు గడిచాక వదలని నీరసం, ఆకలి మందగించడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, చలికి తట్టుకోలేకపోవడం, గడ్డం పెరగడం తగ్గడం, సంసారం మీద ఆసక్తి పోవడం కనిపిస్తాయి. మగవాళ్లు ఆఖరి రెండూ నోరు విప్పి చెప్పరు, మీ తోడికోడలిని అడిగి తెలుసుకోమనండి. ఉదయం 8 గంటలకి కార్టిసాల్ (ఒంట్లో పుట్టే స్టెరాయిడ్ హార్మోను), దానితోపాటు ఫ్రీ టీ4 (థైరాయిడ్ హార్మోను), టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని నడపడానికి పిట్యూటరీ పంపే హార్మోను), టెస్టోస్టిరోన్, సోడియం చేయించండి. పిట్యూటరీ దెబ్బతింటే టీఎస్‌హెచ్ మామూలుగానే కనిపించి మోసం చేయవచ్చు, అందుకే ఫ్రీ టీ4 తప్పనిసరి. పాముకాటు జరిగిందని చీటీ మీద రాయించండి, లేకపోతే థైరాయిడ్ ఒక్కటే చూసి బిళ్ల ఇచ్చేస్తారు. కార్టిసాల్ తక్కువగా ఉంటే ముందు స్టెరాయిడ్ మొదలుపెట్టి, ఆ తర్వాతే థైరాయిడ్ బిళ్ల వేయాలి. ఈ వరస తిరగబడితే మనిషి రక్తపోటు పడిపోయి కుప్పకూలే ప్రమాదం ఉంది.